డేగ ఎవరి జ్ఞానంతో ఎగురుతుంది?

సండే స్కూల్ పిల్లలకు,

ప్రభువు నామమున మీ తాతయ్య వందనాలు. మీరంతా కలిసి రాసిన ఉత్తరం అందింది. బడిలో జీవపరిణామం అంటారు, మందిరంలో సృష్టి అంటారు, ఎవరి మాట వినాలి అని నిలదీశారు. పెద్దవాళ్లు సాధారణంగా దాటవేసే ప్రశ్న ఇది. నేను సృష్టికర్తను నమ్ముతాను. ఎందుకు నమ్ముతానో ఒక పిట్టతో మొదలుపెట్టి చెబుతాను.

అమూర్ ఫాల్కన్ అని ఒక చిన్న డేగ ఉంది. బరువు సుమారు 150 గ్రాములు. రష్యా, చైనాల మధ్య పారే అమూర్ నది ప్రాంతంలోనూ ఆ చుట్టుపక్కల దేశాల్లోనూ గూడు కట్టి పిల్లల్ని పెంచుతుంది. చలి మొదలయ్యేసరికి బయలుదేరి, అక్టోబరులో నాగాలాండ్‌లోని దొయాంగ్ జలాశయం దగ్గర లక్షల సంఖ్యలో వాలుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడ నేలలోంచి ఉసిళ్లు లేస్తాయి. వాటిని తిని, ఒంట్లో కొవ్వు నింపుకుని, మన ద్వీపకల్పాన్ని దాటి అరేబియా సముద్రం మీదికి వెళుతుంది. సముద్రం మీద వాలడానికి చోటు ఉండదు. ఆ కాలంలో వీచే గాలి వెనక నుంచి నెడుతుంటే సోమాలియా చేరి, అక్కడి నుంచి ఆఫ్రికా దక్షిణ ప్రాంతానికి పోతుంది. 2013లో కొన్నింటికి ఉపగ్రహ పరికరాలు కట్టి చూస్తే, నాగాలాండ్ నుంచి ఐదారు రోజుల్లోనే సోమాలియా చేరినట్టు తెలిసింది.

ఉసిళ్లు ముందు లేచినా, గాలి ఎదురు తిరిగినా, దిక్కు కాస్త తప్పినా ఆ పిట్ట సముద్రం పాలే. యోబు గ్రంథం 39వ అధ్యాయంలో దేవుడు యోబును అడుగుతాడు: "డేగ నీ జ్ఞానముచేతనే ఎగురునా?" అది దక్షిణదిక్కుకు రెక్కలు చాచడం నీ ఆజ్ఞ వల్లనేనా అని కూడా. ఈ పక్షి ప్రయాణం గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆ వచనమే గుర్తుకొస్తుంది. ఇన్ని సంగతులు ఒకదానికొకటి అమరి ఉన్నాయంటే, అమర్చినవాడు ఒకడున్నాడని నా మనసు చెబుతుంది.

ఈ వాదన నాది కాదు, పాతదే. 1802లో విలియం పేలీ అనే ఆంగ్లేయ మతగురువు దీన్ని పుస్తకంగా రాశాడు. పొలంలో నడుస్తుంటే గడియారం ఒకటి దొరికిందనుకోండి, దాని పళ్లచక్రాలు చూసి అది తనంతట తానే అక్కడ పుట్టిందని ఎవరూ అనుకోరు కదా అన్నాడు. జీవపరిణామ సిద్ధాంతం చెప్పిన డార్విన్ విద్యార్థిగా ఉన్నప్పుడు పేలీని ఇష్టంగా చదువుకున్నాడు. 1859లో ఆయనే దానికి జవాబు రాశాడు. గడియారాలు పిల్లల్ని కనవు, ప్రాణులు కంటాయి. పిల్లల్లో చిన్న చిన్న తేడాలుంటాయి. పనికొచ్చే తేడా ఉన్నవి బతికి, దాన్ని తమ సంతానానికి ఇస్తాయి. తరాలు గడిచేకొద్దీ అవి పోగుపడతాయి. డేగ విషయంలోనూ అంతే. తప్పు దిక్కుకు పోయినవి చచ్చిపోయాయి, సరైన దిక్కు పట్టినవాటి సంతానమే మిగిలింది అంటారు శాస్త్రజ్ఞులు. ఇది నవ్వి కొట్టిపారేసే జవాబు కాదు. ప్రపంచంలో జీవశాస్త్రజ్ఞులు దాదాపు అందరూ దీన్ని అంగీకరిస్తారు. వారిలో యేసును ఆరాధించేవారూ ఉన్నారు.

1996లో మైకేల్ బీహీ అనే అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త పేలీ వాదనను కొత్త రూపంలో ముందుకు తెచ్చాడు. బాక్టీరియా ఈదడానికి వాడే తోకలో ఒక్క భాగం తీసేసినా అది పనిచేయదు, కాబట్టి అది మెల్లమెల్లగా ఏర్పడి ఉండదు అన్నాడు. ఆ తోకలోని కొన్ని భాగాలను పోలినవి వేరే బాక్టీరియాల్లో వేరే పనికి ఉపయోగపడుతున్నాయని మిగతా శాస్త్రజ్ఞులు చూపించారు. 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, డోవర్ అనే ఊరి బడిలో ఇలాంటి వాదనను పిల్లలకు పరిచయం చేయడంపై వ్యవహారం కోర్టుకెక్కితే, ఆ వాదన విజ్ఞానశాస్త్రం కాదని తీర్పు వచ్చింది. మనవాళ్లు చాలామంది నొచ్చుకున్నారు. నాకైతే అంత బాధ కలగలేదు. శాస్త్రానికి ఇంకా తెలియని చోటల్లా దేవుణ్ణి కూర్చోబెడితే, అది తెలిసిన రోజున ఆయన్ను లేపాల్సి వస్తుంది. నా నమ్మకానికి ఆధారం ఆ ఖాళీలు కావు. దిక్కు పట్టే నేర్పు కొన్ని పక్షులకు పుట్టుకతోనే వస్తుందని ప్రయోగాల్లో తేలింది. గుడ్డులో ఉండగానే, డీఎన్ఏ అనే నాలుగు రసాయన అక్షరాల లిపిలో, ఆ వారసత్వం ఉందన్నమాట. ఆ లిపి రసాయనాలతో ఎలా పనిచేస్తుందో శాస్త్రం చెబుతుంది, ఇంకా చెబుతూనే ఉంటుంది. అసలు లోకం ఇలా లిపికీ నియమానికీ లోబడి ఉండడమే నాకు ఆశ్చర్యం. "ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి" అని దావీదు పాడినప్పుడు ఏదో లెక్క తేలలేదని పాడలేదు, కళ్లెదుట ఉన్నదాన్ని చూసి పాడాడు. ప్రయోగశాలలో రుజువయ్యే మాట కాదిది, విశ్వాసం.

మరొక సంగతి. మన ప్రసంగాల్లో తరచూ వినబడే బాంబార్డియర్ పురుగు కథ మీరూ వినే ఉంటారు. శత్రువు మీద మరిగే ద్రవాన్ని చిమ్మే పురుగు అది. అందులోని రెండు రసాయనాలు కలిస్తే చాలు పేలిపోతుందని, అందుకే దాన్ని ఒక్కసారిగా సృష్టించి ఉండాలని చెబుతారు. హైడ్రోజన్ పెరాక్సైడ్, హైడ్రోక్వినోన్ ఊరికే కలిస్తే పేలవు. రసాయన చర్యను వేగపరిచే ఎంజైములున్న మరో గదిలోకి వెళ్లినప్పుడే ఆ వేడి పుడుతుంది. పురుగు నిజంగా అద్భుతమే, చెప్పే కథే తప్పు. దేవుని పక్షాన మాట్లాడుతున్నాం కదా అని అబద్ధానికి మినహాయింపు లేదు. పరీక్షలో మాత్రం పాఠంలో ఉన్నది అర్థం చేసుకుని రాయండి, మాస్టారితో గొడవ పడకండి.

డేగ సంగతి కొంచెం మిగిలింది. నాగాలాండ్‌లో ఎక్కువమంది క్రైస్తవులే. అయినా 2012లో దొయాంగ్ దగ్గర వలలు కట్టి, లక్షకు పైగా డేగల్ని పట్టి అమ్మారని అంచనా. సృష్టి గురించి ఆదివారం పాటలు పాడినవాళ్లే కొందరు సోమవారం వలలు కట్టారు. ఆ వేట ఫోటోలు బయటికొచ్చాక గ్రామ సభలు, సంఘ పెద్దలు, పక్షి ప్రేమికులు, ప్రభుత్వం ఒక్కటయ్యారు. మరుసటి ఏడాదికే ఆ వేట ఆగిపోయింది. దొయాంగ్ దగ్గరి పాంగ్తీ గ్రామంలో ఒకప్పుడు వల పట్టినవాళ్లలో కొందరు ఇప్పుడు డేగల్ని చూడవచ్చేవారికి దారి చూపిస్తున్నారు.

డైనోసార్ల గురించి అడిగిన చిన్నవాడికి వేరే ఉత్తరం రాస్తాను. అది ఇంతకంటే పొడుగవుతుంది.

మీ తాతయ్య