ఇంటర్ హాస్టల్‌లో జరిగేది ర్యాగింగ్ కాదా? నెల్లూరు వాదన వెనుక 1997 నాటి నిర్వచనం

నెల్లూరులో పాత వాదన మళ్లీ మొదలైంది. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లవాణ్ణి హాస్టల్ గదిలో తోటివాళ్లు కొట్టినా, అవమానించి ఫోనులో తీసినా దాన్ని ర్యాగింగ్ అనాలా, ఆకతాయితనం అనాలా? ర్యాగింగ్ అంటే సీనియర్లు జూనియర్లను చేసేదని, ఇక్కడ అందరూ ఒకే ఈడు పిల్లలని యాజమాన్యాలు చెబుతాయి. పోలీసుల దాకా వెళితే పిల్లల భవిష్యత్తు పాడవుతుందని, కూర్చుని మాట్లాడుకుందామని కూడా అంటాయి. చాలాసార్లు ఆ మాటలు ఎవరో ఒకరికి టీసీ ఇవ్వడంతో ముగుస్తాయి. ఆ టీసీ తీసుకుని వెళ్లేది దెబ్బలు తిన్న పిల్లవాడే కావడం కూడా కొత్త కాదు.

చిదంబరంలో 1996లో ర్యాగింగ్‌లో జరిగిన వైద్య విద్యార్థి హత్య, దాని తర్వాత తమిళనాడు తెచ్చిన చట్టం చాలామందికి తెలిసినవే. మనకు ముఖ్యమైనది 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం. అందులోని రెండో సెక్షన్ చదివితే నేటి వాదన సగం తేలిపోతుంది. ఒక విద్యార్థికి అవమానం, భయం, బెదిరింపు, గాయం కలిగించే, లేదా కలిగించగల పని ఏదైనా ర్యాగింగే. ఆ నిర్వచనంలో సీనియర్ అన్న మాట లేదు, జూనియర్ అన్న మాటా లేదు. విద్యాసంస్థ అంటే కళాశాల ఒక్కటే కాదని, హాస్టల్, బోర్డింగ్ హోమ్, అనాథాశ్రమం, ట్యుటోరియల్ కూడా విద్యాసంస్థలేనని అదే సెక్షన్ చెబుతోంది. ఎగతాళి చేసి అవమానించినందుకు ఆరు నెలల వరకు, గాయపరిచినందుకు రెండేళ్ల వరకు, ఆత్మహత్యకు పురికొల్పినందుకు పదేళ్ల వరకు జైలుశిక్ష ఉంది.

ఇంత స్పష్టంగా రాసిన చట్టం ఇంటర్ హాస్టళ్లకు వర్తించదన్న నమ్మకం ఎలా పుట్టింది? అసలు మలుపు 2009లో ఉందని నా అభిప్రాయం. ఆ ఏడాది మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లో ఒక వైద్య విద్యార్థి సీనియర్ల దెబ్బలకు చనిపోయాడు. అదే నెలలో ఒంగోలుకు ఉత్తరాన, రైల్లో గంట దూరంలో ఉన్న బాపట్లలో ఒక విద్యార్థిని ర్యాగింగ్ భరించలేక ఆత్మహత్యకు ప్రయత్నించింది. సుప్రీంకోర్టు రెండు ఘటనలనూ పరిశీలించి మే నెలలో ఆదేశాలిచ్చింది. ఆ ఏడాదే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనలు వచ్చాయి. విద్యార్థి, తల్లిదండ్రులు ఇచ్చే ప్రమాణపత్రం, ర్యాగింగ్ నిరోధక కమిటీ, 1800-180-5522 హెల్ప్‌లైన్ అన్నీ అప్పటివే.

అవి గొప్ప మేలు చేశాయి. అయితే యూజీసీ పరిధి డిగ్రీతో మొదలవుతుంది. సీబీఎస్‌ఈ 2015లో బడుల్లో వేధింపుల నివారణకు మార్గదర్శకాలు ఇచ్చింది, అవి దాని అనుబంధ పాఠశాలలకే. ఉదయగిరి నుంచో, కనిగిరి నుంచో, మార్కాపురం నుంచో వచ్చి రాష్ట్ర ఇంటర్ బోర్డు కింద చదివే పదహారేళ్ల పిల్లలు ఈ రెండింటికీ బయటే ఉండిపోయారు. పోస్టర్లూ కమిటీలూ పెద్ద కాలేజీలకు చేరాక, ర్యాగింగ్ అన్నది ఇంజనీరింగ్, మెడికల్ వాళ్ల సంగతిగా జనం మనసులో స్థిరపడింది. 1997 చట్టం మాత్రం రద్దు కాలేదు.

మన మాట కూడా కొంత అడ్డుపడింది. హాస్టల్ నుంచి ఆదివారం ఫోను చేసిన పిల్లవాడు ‘నన్ను ఏడిపిస్తున్నారమ్మా’ అంటాడు. మేనమామ మేనకోడలిని ఆటపట్టించినా మనం ఏడిపించడమే అంటాం. అందుకే తల్లికి అది సరదాగా వినిపిస్తుంది, వార్డెన్‌కు చిన్న గొడవగా వినిపిస్తుంది. సరదాకూ వేధింపుకూ ఉన్న ఈ తేడాను శాస్త్రీయంగా చెప్పినవాడు మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్. ఉత్తర నార్వేలో 1982లో ముగ్గురు బాలురు ఆత్మహత్య చేసుకున్నాక అక్కడి ప్రభుత్వం బడుల్లో ఉద్యమం చేపట్టింది, ఆయన నివారణ కార్యక్రమం అప్పుడే రూపుదిద్దుకుంది. కావాలని చేయడం, పదే పదే చేయడం, ఎదుర్కోలేని బలం తేడా ఉండడం అనే మూడు గుర్తులు ఆయన చెప్పినవే. బలం అంటే కండబలమే కాదు. గదిలో ఆరుగురు ఒకవైపు, ఒక్కడు ఒకవైపు ఉన్నా అది బలం తేడాయే. ఒకే ఈడు పిల్లలన్న వాదన నాకు ఒప్పదగినదిగా కనిపించకపోవడానికి కారణం ఇదే.

భవిష్యత్తు గురించిన భయానికీ చట్టంలో జవాబు ఉంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల కేసులు బాలల న్యాయ మండలికి వెళతాయి. వారి పేర్లు బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం నిషేధించింది. భయపడాల్సింది నిజానికి యాజమాన్యాలే. ఫిర్యాదు అందిన వెంటనే సంస్థాధిపతి విచారించాలని, ప్రాథమికంగా నిజమని తేలితే బాధ్యులను సస్పెండ్ చేయాలని 1997 చట్టం ఆరో సెక్షన్ చెబుతోంది. నిర్లక్ష్యం చేస్తే ఆయన కూడా నేరానికి సహకరించినట్లే అని ఏడో సెక్షన్ అంటోంది. నోటిమాటగా చెప్పినదాన్ని తర్వాత ఎవరైనా కాదనవచ్చు. అందుకే ఫిర్యాదు కాగితం మీద ఉండాలి, అందినట్లు తేదీతో సంతకం ఉండాలి. ఎవరు, ఏ రోజు, ఏ గదిలో, చూసినవారెవరు అన్నవి అందులో రాయాలి. వీడియో చూసి సిగ్గుతో చెరిపేయకూడదు, అది సాక్ష్యం.

చూస్తూ నిలబడ్డ పిల్లలకు కూడా ఒక మాట. గదిలో ఎదురు తిరిగే ధైర్యం లేకపోవచ్చు, తప్పులేదు. ఆ రాత్రి అతని పక్కన కూర్చోవచ్చు, మర్నాడు అతనితో కలిసి వార్డెన్ దగ్గరకు వెళ్లవచ్చు. పిల్లల కోసం 1098, మనసు బాగోలేనప్పుడు మాట్లాడడానికి టెలీ మానస్ 14416 ఉన్నాయి. హాస్టల్‌లో ఫోను చేతికొచ్చేది ఆదివారమే కాబట్టి, ఈ నంబర్లు ఇంట్లోవాళ్ల దగ్గర కూడా రాసి ఉండాలి.