సరుకు ఎగుమతికి, పొగ స్థానికులకు

ఎగుమతి సరుకు ఓడెక్కి వెళ్లిపోతుంది. దాని తయారీలో వెలువడిన పొగలో అధిక భాగం మాత్రం కర్మాగారాల చుట్టుపక్కలే ఉండిపోతుంది. ప్రపంచమంతటికీ నూలుబట్టలు పంపిన పంతొమ్మిదో శతాబ్దపు మాంచెస్టర్ కార్మికులకు ఇది తెలిసిన సంగతే. అయితే ఆ పొగ ఎవరి ఖాతాలోకి వస్తుందన్న ప్రశ్న విధాన చర్చల్లోకి వచ్చింది చాలా ఆలస్యంగా.

1952 డిసెంబరులో లండన్‌ను కమ్మేసిన విషపు పొగమంచు తర్వాత బ్రిటన్ 1956లో, అమెరికా 1970లో గాలి శుభ్రత కోసం గట్టి చట్టాలు తెచ్చాయి. ఆ తరువాతి దశాబ్దాల్లో తయారీ రంగం తూర్పు ఆసియా వైపు కదిలింది. కఠిన నిబంధనలే దాన్ని అటు తరిమాయనడం తొందరపాటు. తక్కువ కూలీ, కంటైనర్ ఓడలతో చౌకైన రవాణా అంతకన్నా బలమైన కారణాలు. అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య స్వేచ్ఛా వాణిజ్యానికి ఉద్దేశించిన నాఫ్టా ఒప్పందంపై చర్చ సాగుతున్న 1991లో జీన్ గ్రాస్‌మన్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు పర్యావరణంపై వాణిజ్య ప్రభావాన్ని మూడుగా విడదీశారు: ఉత్పత్తి పరిమాణం పెరగడం, పరిశ్రమల కూర్పు మారడం, మెరుగైన సాంకేతికత రావడం. మూడూ ఒకే దిశలో లాగవు కాబట్టే వాణిజ్యం కాలుష్యాన్ని పెంచుతుందా అన్న వివాదం ఇంతకాలం నలిగింది.

చైనా 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక ఎగుమతులకూ కాలుష్యానికీ ఉన్న సంబంధానికి స్పష్టమైన ఆధారాలు దొరికాయి. 2006లో ఆ దేశం వెలువరించిన సల్ఫర్ డయాక్సైడ్‌లో 36 శాతం, నైట్రోజన్ ఆక్సైడ్లలో 27 శాతం ఎగుమతి సరుకుల తయారీ నుంచే వచ్చాయని ఒక అధ్యయనం అంచనా వేసింది. బొగ్గు మండితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలోనే సల్ఫేట్ కణాలుగా మారుతుంది, 2.5 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించని ఈ సూక్ష్మ ధూళి కణాలు ముక్కులో, గొంతులో చిక్కకుండా ఊపిరితిత్తుల గాలి గదుల దాకా చేరి, కాలక్రమంలో గుండెపోటుకూ పక్షవాతానికీ దారితీస్తాయి.

ఎగుమతులతో ఆదాయం పెరిగి ఆరోగ్యమూ బాగుపడుతుందన్న వాదన కొట్టిపారేయదగినది కాదు. 1990–2010 మధ్య చైనా ప్రాంతాలను పరిశీలించిన ఆర్థికవేత్తలు బొంబార్దిని, లీల అధ్యయనం ఆదాయ ప్రభావాన్నీ కాలుష్య ప్రభావాన్నీ వేరుచేసి చూసింది. కాలుష్యం ఎక్కువగా వెదజల్లే సరుకులకు విదేశీ గిరాకీ పెరిగినచోట శిశుమరణాలు పెరిగాయి. అంటే ఎంత ఎగుమతి చేశారన్నదే కాదు, ఏమి ఎగుమతి చేశారన్నదీ ముఖ్యం. శిశుమరణాలనే చూడటానికి కారణముంది: పెద్దల జబ్బుల్లో ఏళ్ల తరబడి అలవాట్లు, వలసలు కలిసిపోతాయి. నెలల పసికందు పీల్చింది మాత్రం దాదాపుగా ఆ ఊరి గాలినే.

2017లో వెలువడిన మరో అధ్యయనం ప్రకారం, 2007లో సూక్ష్మ ధూళి వల్ల సంభవించిన 34.5 లక్షల అకాల మరణాల్లో సుమారు 22 శాతానికి ఒక ప్రాంతంలో తయారై మరో ప్రాంతంలో వినియోగమైన వస్తుసేవలతో సంబంధం ఉంది. పశ్చిమ ఐరోపా, అమెరికాల వినియోగంతో ముడిపడి చైనాలో సంభవించిన మరణాలే 1,08,600కు పైగా ఉన్నాయి.

2013 జనవరిలో బీజింగ్‌ను ముంచెత్తిన కాలుష్యం దరిమిలా అదే ఏడాది సెప్టెంబరులో చైనా కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది, గాలి గణనీయంగా మెరుగుపడింది. గాలిని శుభ్రపరిచే ఆ భారమంతా సరుకు తయారుచేసిన దేశమే మోసింది. ఐరోపా యూనియన్ 2023 అక్టోబరు నుంచి దిగుమతి చేసుకునే ఉక్కు, సిమెంటు, అల్యూమినియం వంటి వాటి తయారీలో వెలువడిన గ్రీన్‌హౌస్ వాయువుల లెక్క అడుగుతోంది. స్థానికులు పీల్చే సల్ఫర్ డయాక్సైడ్, సూక్ష్మ ధూళి ఆ లెక్కలోకి రావు.