ఓటీపీ దగ్గరే ఆగిపోతున్న ఆట: గేమ్ కన్సోళ్లకు పబ్లిక్ వైఫై ఎందుకు అందలేదు?

తిరుపతి రైల్వే స్టేషన్‌లో వైఫై ఉంది. రైల్‌వైర్ అనే నెట్‌వర్క్ ఎంచుకుని మొబైల్ నంబరు కొడితే ఓటీపీ వస్తుంది, రోజుకు అరగంట ఉచితం. రైలు లేటయినా ఫోన్ ఉన్నవాళ్లకు కాలక్షేపానికి లోటు లేదు. అదే బెంచీ మీద నింటెండో స్విచ్ అనే చేతి గేమ్ కన్సోల్ పట్టుకుని కూర్చున్న పిల్లవాడి సంగతి వేరు. కన్సోల్‌లో సిమ్ ఉండదు కాబట్టి నాన్న ఫోన్ అడగాలి, ఓటీపీ చూసి కొట్టాలి. నాన్న అప్పటికే ఆ నంబరు మీద అరగంటా వాడేసి ఉంటే ఆ రోజుకు అంతే. స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసంలో దిగే ఎన్నారై కుటుంబాలకైతే ఇండియా నంబరే ఉండదు. వాళ్ల పిల్లల చేతుల్లోనే ఈ కన్సోళ్లు ఎక్కువ కనిపిస్తాయి.

ఈ చిక్కు నిన్నమొన్నటిది కాదు. 2004 నవంబర్‌లో నింటెండో డీఎస్, డిసెంబర్‌లో సోనీ పీఎస్పీ అనే చేతి కన్సోళ్లు వచ్చాయి. రెండింట్లోనూ వైఫై ఉంది. 2005 నవంబర్‌లో నింటెండో తన ఆన్‌లైన్ ఆటల సేవ మొదలుపెట్టినప్పుడు ఒక అడ్డంకి ముందే కనిపించింది. డీఎస్‌లో బ్రౌజర్ లేదు. హోటల్లోనో కాఫీ షాపులోనో లాగిన్ పేజీ వస్తే దాన్ని తెరిచే దారే లేదు. అందుకే కంపెనీ అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ వైఫై నడిపే సంస్థతో ముందే ఒప్పందం చేసుకుంది. పిల్లలు లోపలికి వెళ్లి కన్సోల్ ఆన్ చేస్తే చాలు, పైసా కట్టకుండా, పేజీ ఏదీ నింపకుండా నేరుగా ఆటలోకి వెళ్లేవారు. అక్కడ లాగిన్ భారం మోసింది పిల్లలు కాదు, కంపెనీలు. మన దగ్గర ఆ భారాన్ని ఎవరూ నెత్తికెత్తుకోలేదు.

నిజానికి మనకూ 2005 మంచి ఏడాదే. ఆ జనవరిలోనే వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు లైసెన్స్ అక్కర్లేదని కేంద్రం తేల్చింది. బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ కూడా ఆ నెలలోనే మొదలైంది. కానీ అప్పటి తిరుపతిలో ఆన్‌లైన్ అంటే ఇంటర్నెట్ సెంటరే. కన్సోళ్లు అమెరికాలో ఉన్న మేనమామ తెస్తేనో, చెన్నై బర్మా బజార్ నుంచి ఎవరైనా కొనుక్కొస్తేనో ఇంటికి చేరేవి. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే వైర్‌లెస్‌లో నేరుగా ఆడుకోవచ్చు, దానికి నెట్ అక్కర్లేదు. చాలామంది ఆట అక్కడితోనే సరి.

అసలు మలుపు 2008లో వచ్చింది. జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు టీవీ చానళ్లకు ఒక ఈమెయిల్ వెళ్లింది. ఆరా తీస్తే అది నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంట్లో పాస్‌వర్డ్ లేకుండా వదిలేసిన వైఫై నుంచి వెళ్లినట్టు తేలింది. తర్వాతి వారాల్లో అలాంటి మెయిళ్లు ముంబైలోనే వేరే వాళ్ల నెట్‌వర్క్‌ల నుంచి మళ్లీ వెళ్లాయి. 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ ఆదేశాలిచ్చింది: బహిరంగ ప్రదేశాల్లో వైఫై ఇస్తే వాడేవారెవరో తెలియాలి. గుర్తింపు కార్డు కాపీ తీసుకోవాలి, లేదా మొబైల్‌కు ఎస్సెమ్మెస్‌లో లాగిన్ పంపాలి. ఆనాటి భయం చిన్నది కాదు, ఆ ఆదేశాలు తప్పని నేననను. కాకపోతే రాసినవాళ్ల మనసులో ఉన్నవి ల్యాప్‌టాప్, ఫోన్. సిమ్ లేని, బ్రౌజర్ లేని మూడో వస్తువు కూడా ఒకటుందని ఎవరికీ తట్టినట్టు లేదు.

డీఎస్ ఉన్నవాళ్లకు రెండు వైపులా దెబ్బ పడింది. దానికి తెలిసిన వైఫై తాళం వెప్ అనే పాత పద్ధతి ఒక్కటే, అది సులువుగా పగులుతుందని 2001కే తేలిపోయింది. ఇంట్లో రౌటర్‌కు డబ్ల్యూపీఏ అనే గట్టి తాళం పెడితే డీఎస్ కలవదు, తాళం తీసేస్తే పోలీసుల భయం. బయటికెళ్తే ఓటీపీ. పీఎస్పీ కాస్త నయం, 2005లోనే అప్‌డేట్‌తో బ్రౌజర్, డబ్ల్యూపీఏ రెండూ తెచ్చుకుంది.

రైల్వే స్టేషన్లలో రైల్వే శాఖ టెలికాం సంస్థ రైల్‌టెల్, గూగుల్ కలిసి ఉచిత వైఫై మొదలుపెట్టింది 2016 జనవరిలో, ముంబై సెంట్రల్‌లో. తిరుపతికి ఆ తర్వాతే వచ్చింది. డీఎస్ ఆన్‌లైన్ సేవను నింటెండో 2014 మే 20నే మూసేసింది. అంటే మన ఊళ్లో వైఫై పెట్టేనాటికే ఆ యంత్రం ఆడటానికి అవతల సర్వరే లేదు. ఒక తరం పిల్లలకు ఆ ఆట అందకుండానే పోయింది. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక ఫోన్ హాట్‌స్పాటే అందరి దారి అయింది. దాంతో లాగిన్ గొడవ తీరింది, కొత్త చిక్కు మొదలైంది. మొబైల్ కంపెనీలు ఒకే ఐపీ అడ్రస్‌ను, అంటే నెట్‌లో ఒకే చిరునామాను, ఎందరికో పంచుతాయి. చాలా ఆటల్లో కన్సోళ్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవాలి, ఇలా పంచిన అడ్రస్ వెనక ఉన్నదాన్ని అవతలి కన్సోల్ కనుక్కోలేదు. స్విచ్‌లో ఇంటర్నెట్ టెస్ట్ చేస్తే, ఇలా అడ్రస్ పంచే తీరును బట్టి నాట్ టైప్ (NAT Type) అని ఒక అక్షరం చూపిస్తుంది. ఏ, బీ వస్తే దిగుల్లేదు. డీ వస్తే స్నేహితుడి పేరు కనిపించినా ఆట కలవడం కష్టం. పబ్లిక్ వైఫైలోనూ ఇదే తంతు. పైగా హాట్‌స్పాట్ ఇచ్చే అమ్మ ఫోన్ ఉదయం తొమ్మిదికల్లా అమ్మతో పాటే ఆఫీసుకు వెళ్లిపోతుంది.

పరిష్కారం లేక కాదు. సోనీ చేతి పరికరం ప్లేస్టేషన్ పోర్టల్ మొదట లాగిన్ పేజీ అడిగే వైఫైలకు కలిసేది కాదు. 2024లో వచ్చిన అప్‌డేట్‌తో తెరమీద క్యూఆర్ కోడ్ చూపిస్తోంది, దాన్ని ఫోన్‌తో స్కాన్ చేసి లాగిన్ పూర్తి చేయొచ్చు. మన ప్రభుత్వం వైపు 2020 డిసెంబర్‌లో కేబినెట్ ఆమోదించిన పబ్లిక్ వైఫై పథకం పీఎం-వాణి ఉంది. టీ కొట్టు కూడా లైసెన్స్ లేకుండా వైఫై అమ్ముకోవచ్చు. అయితే అదీ ఫోన్ యాప్ చుట్టూనే అల్లుకున్నది, కన్సోల్‌లో ఆ యాప్ దిగదు.

ఓటీపీ కొట్టిన మనిషి ఎవరో అప్పటికే రికార్డులో ఉంటుంది. ఆ నంబరు పూచీ మీదే ఇంకో పరికరాన్ని చేర్చుకునే బటన్ ఒకటి లాగిన్ పేజీలో పెడితే, 2009 ఆదేశాలు కోరిన గుర్తింపు ఎక్కడా చెడదు. స్టేషన్‌లో వైఫై ఇచ్చే రైల్‌టెల్‌తో మొదలుపెట్టి, పీఎం-వాణి యాప్‌లు నడిపేవాళ్ల దాకా ఎవరైనా ఈ పని చేయొచ్చు.