మూత తిప్పి చూశారా?

చిన్నా, బుజ్జీ,

నిన్న ఫోన్లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, నాకు సగమే అర్థమైంది. వ్యాన్ పొద్దున బాగానే స్టార్ట్ అవుతోంది, హాలియా దాటాక ఆగిపోతోంది, చెట్టు కింద అరగంట ఉంచితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ నడుస్తోంది. అంతేనా? మెకానిక్ కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపేది) మార్చమన్నాడని అప్పుడే డబ్బులు ఇవ్వకండి. అరగంట ఆగితే లేచే రోగాలు మూడైనా ఉన్నాయి.

అది 1998 బండి. మూడు సిలిండర్లు, 796 సీసీ, కార్బురేటర్ ఇంజన్. లైటు వెలిగించి తప్పెక్కడుందో చెప్పే కంప్యూటర్ అందులో లేదు. మనమే కనిపెట్టాలి. గాలి ఫిల్టర్ నిండితే బండి బరువుగా లాగుతుంది గానీ ఇలా మొరాయించదు. కాబట్టి పెట్రోలైనా అందట్లేదు, కరెంటైనా రావట్లేదు. మెకానిక్‌లు స్పార్క్‌ని (ప్లగ్ దగ్గర పెట్రోల్‌ని అంటించే నిప్పురవ్వని) కరెంట్ అనే అంటారు.

ఆగే తీరు చూడండి. తాళంచెవి తిప్పినట్టు టక్కున ఆగితే ఎక్కువగా కరెంట్ తప్పే. జర్కులిచ్చి, యాక్సిలరేటర్ తొక్కినా ఊపందుకోక మెల్లగా చచ్చిపోతే పెట్రోల్.

పరీక్ష ఆగిన క్షణంలోనే చేయాలి. చల్లారాక అన్నీ బాగానే కనిపిస్తాయి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ మీదున్న సీటు ఎత్తండి. ఒక ప్లగ్ వైరు ఊడదీసి విడిగా తెచ్చుకున్న పాత ప్లగ్‌కి తొడగండి. దాని ఇనుప ఒళ్ళు ఇంజన్‌కి ఆనేలా పెట్టి చేతులు తీసేయండి, షాక్ గట్టిగానే కొడుతుంది. ఒకరు సెల్ఫ్ కొడితే ఇంకొకరు చూడాలి. నీలంగా టక్ టక్‌మని నిప్పురవ్వ వస్తే కరెంట్ ఉన్నట్టే. రాకపోతే ముందు, ప్లగ్‌లకి కరెంట్ పుట్టించే కాయిల్‌ని అనుమానించండి. వేడెక్కితే మానేసి, చల్లారితే పనిచేసే కాయిళ్ళు ఉంటాయి. పెట్రోల్ వాసన వస్తుంటే మాత్రం ఈ పని అసలు పెట్టుకోవద్దు.

కరెంట్ ఉందా, అయితే పెట్రోల్ సంగతి. ఎండాకాలంలో సీటు కింద ఇంజన్ మగ్గిపోయి పైపులో పెట్రోల్ ఆవిరవుతుంది, పంపు లాగలేదు. పంపు మీద, పైపు మీద తడిగుడ్డ వేయండి. కాసేపట్లో లేస్తే అదే.

నేను మోసపోయింది ట్యాంకు మూత దగ్గర. ఫిల్టర్, పంపు, కార్బురేటర్ కిట్ మూడూ కొత్తవి వేయించాను, అయినా ఆగేది. ఒకరోజు కొండమల్లేపల్లి దగ్గర, పెట్రోల్ ఉందో లేదో చూద్దామని మూత తిప్పితే బుస్సుమని గాలి లోపలికి పీల్చింది. వెంటనే స్టార్ట్ అయింది! మూతలో గాలి పోయే సన్న దారి దుమ్ముతో పూడిపోయింది. పెట్రోల్ తగ్గేకొద్దీ ఆ జాగాలోకి గాలి రాకపోతే పంపు ఎంత లాగినా ఏం లాభం? బండి ఆపి ఉంచితే మెల్లగా కాస్త గాలి దూరేది, మళ్ళీ కొంతదూరం నడిచేది. మీ నానమ్మ ఆ మూత కడిగి, ఆరబెట్టి, తెచ్చి నా ముందు పెట్టింది. ఒక్కమాట అనలేదు. అంటేనే బాగుండేది.

కాబట్టి ఈసారి ఆగగానే ముందు మూత తిప్పండి, మెల్లగా. దగ్గర్లో బీడీ కాల్చేవాళ్ళుంటే పొమ్మనండి. బుస్సుమంటే ఆ మెకానిక్‌కి కాదు, నాకు ఫోన్ చేయండి. పాత ప్లగ్ అటక మీద నీలం డబ్బాలో ఉంది, మేకుల కింద.

మీ తాత