కుర్ర షెర్రీ కాస్క్ సింగిల్ మాల్ట్: అపోహలు - వాస్తవాలు

టేస్టింగ్ సెషన్‌లో షెర్రీ కాస్క్ విస్కీ, అంటే షెర్రీ అనే స్పెయిన్ వైన్ పట్టిన పీపాలో ముదిరిన విస్కీ, పోశానంటే చాలు, గ్లాసులన్నీ లైటు వైపు లేస్తాయి. రంగు చూసి మురిసిపోతారు. సీసా తిప్పి వయసు వెతుకుతారు, ఐదేళ్ళే అని తెలిస్తే మొహాలు చిన్నబోతాయి. కుర్ర మాల్ట్ (మొలకెత్తించిన బార్లీతో చేసే, వయసు తక్కువ విస్కీ) విషయంలో ఈ రెండూ చెప్పేది తక్కువ. పీపా ఇచ్చిన రుచి కింద అసలు స్పిరిట్ తెలుస్తోందా, మునిగిపోయిందా అన్నదే చూడాలి.

అపోహ: రంగు ముదురైతే విస్కీ పాతది.

స్టిల్ (బట్టీ) నుంచి దిగిన స్పిరిట్‌కు నీళ్ళలాగే రంగుండదు. రంగంతా చెక్క నుంచి వచ్చేదే. మొదటిసారి విస్కీ నింపిన యూరోపియన్ ఓక్ షెర్రీ పీపా నాలుగేళ్ళలో ఇచ్చే ఎర్రటి గోధుమ రంగును, మూడోసారి నింపిన పీపా ఇరవై ఏళ్ళకు కూడా ఇవ్వకపోవచ్చు. పైగా స్కాచ్ నిబంధనల ప్రకారం కారమెల్ రంగు కలపడానికి అనుమతి ఉంది. అందుకే నా సెషన్లలో వాసన చూడటం అయ్యేదాకా రంగు మాట ఎత్తనివ్వను.

అపోహ: షెర్రీ కాస్క్ అంటే దశాబ్దాలు షెర్రీ నిల్వ ఉన్న పీపా.

వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. స్పెయిన్‌లోని హెరెజ్‌లో సొలెరా పద్ధతిలో (పాతదానిలో కొత్తది కలుపుతూ పోయే పద్ధతి) షెర్రీని ముదిర్చే పీపాలు బాగా పాతవి. వాటి చెక్కలో సారం ఎప్పుడో అయిపోయి ఉంటుంది, బొడేగాల (షెర్రీ గిడ్డంగుల) వాళ్ళు వాటిని అంత తేలిగ్గా వదులుకోరు కూడా. ఒకప్పుడు డిస్టిలరీలకు ఎక్కువగా దొరికినవి షెర్రీని బ్రిటన్‌కు మోసుకొచ్చిన రవాణా పీపాలు. 1980లలో షెర్రీని స్పెయిన్‌లోనే సీసాల్లో నింపాలన్న నిబంధన వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు వాడేవి చాలావరకు విస్కీ కోసమే చేయించినవి. కొత్త ఓక్ పీపాలో ఒలొరోసో లాంటి షెర్రీ పోసి, సాధారణంగా ఏడాది రెండేళ్ళు నాననిచ్చి, ఖాళీ చేసి పంపుతారు.

ఇందులో మోసమేమీ లేదు. ఈ విస్కీల్లో లవంగం ఘాటు, వగరు చాలావరకు చెక్కవే. చెక్కలో సారం ఇంకా నిండుగా ఉంటుంది కాబట్టి మూడు నాలుగేళ్ళలోనే బోలెడంత రుచి దిగుతుంది. చిక్కంతా ఇక్కడే. తాజాగా లేని మాంసానికి మసాలా దట్టించినట్టు, నాసిరకం స్పిరిట్‌ను కూడా బలమైన షెర్రీ పీపాలో దాచేయొచ్చు.

దీన్ని పట్టుకోవడానికి ఓపిక కావాలి. గ్లాసులో 15 లేదా 20 మిల్లీలీటర్లు చాలు. ముందు కిస్‌మిస్, అంజీర్, నారింజ తొక్క వాసనలు వస్తాయి. పావుగంట అలా వదిలేయండి. పీపా వాసన కాస్త పలచబడ్డాక మళ్ళీ చూడండి. పచ్చి యాపిల్, పియర్, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ వాసన తగిలితే అది ఆరోగ్యకరమైన కుర్రతనం, నాకు ఇష్టమైనది కూడా. ఉడికిన క్యాబేజీ, నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి వాసనలు మాత్రం మంచి గుర్తులు కావు. నాలుక మీద తియ్యగా మొదలై, మధ్యలో ఏమీ లేకుండా జారి, చివర నోరంతా వగరుతో పిడచగట్టిందంటే ఆ విస్కీలో ఉన్నది పీపానే.

స్కాట్లాండ్‌లోని ఐలా దీవిలో 2005లో మొదలైన కిల్‌హోమన్ డిస్టిలరీ వాళ్ళ లాక్ గోర్మ్ విస్కీ ఇందుకు మంచి పాఠం. దాన్ని షెర్రీ పీపాల్లోనే ముదురుస్తారు. దాని బార్లీకి పట్టించిన పీట్ (బురదనేలల్లో తవ్వి కాల్చే మట్టి) పొగ ఘాటు వయసుతోపాటు తగ్గుతుంది కాబట్టి, కుర్ర వయసులో ఆ పొగకు షెర్రీని ఎదిరించే బలం ఉంటుంది. పొగ లేని సున్నితమైన స్పిరిట్‌కు ఆ రక్షణ లేదు.

అపోహ: వేడి ప్రాంతంలో ఒక ఏడాది అంటే స్కాట్లాండ్‌లో మూడేళ్ళతో సమానం.

అమ్మేవాళ్ళకు బాగా నచ్చే లెక్క ఇది. స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైతే బెంగళూరులో 10 శాతం దాకా పోతుంది. చెక్క సారం కూడా త్వరగా దిగుతుంది. కానీ గాలి తగులుతూ స్పిరిట్ నిదానంగా మెత్తబడే పని అదే వేగంతో జరగదు. అందుకే మన దేశపు అమృత్, పాల్ జాన్, తైవాన్‌లోని కవలాన్ లాంటి విస్కీలను స్కాచ్ వయసులోకి మార్చి చూడటం నాకు అర్థం లేని పనిగా కనిపిస్తుంది. వేడి ప్రాంతంలో అసలు భయం స్పిరిట్ పచ్చిగా ఉండిపోతుందని కాదు, చెక్క మితిమీరుతుందని.

అపోహ: షెర్రీ విస్కీలో చక్కెర ఉంటుంది.

ఉన్నా అతి స్వల్పం. ఒలొరోసో అసలు తియ్యని వైనే కాదు. ఎండిన ద్రాక్షతో చేసే పెడ్రో హిమెనెజ్ షెర్రీ బాగా తియ్యనిదే అయినా, దాని పీపా నుంచి విస్కీలోకి వచ్చేది ఎక్కువగా వాసనే.

అపోహ: కాల్చిన అగ్గిపుల్ల వాసన వస్తే సరుకు చెడినట్టే.

అది గంధకం. పీపాలు పాడవకుండా లోపల గంధకం వెలిగించడం పాత అలవాటు. స్పిరిట్‌కు స్టిల్‌లోని రాగి సరిగా తగలకపోయినా అదే వాసన రావచ్చు. కొంచెం ఉంటే కొందరికి ఇష్టం, నాకు పడదు.

అపోహ: నీళ్ళు కలిపితే మంచి విస్కీని పాడుచేసినట్టే.

బ్లెండర్లు (వేర్వేరు పీపాల విస్కీలు కలిపి రుచి కుదిర్చేవాళ్ళు) వాసన చూసేటప్పుడు నీళ్ళు కలిపి ఆల్కహాల్‌ను 20 శాతం దగ్గరికి తెచ్చుకుంటారు. పొగ వాసననిచ్చే గ్వాయకాల్ అనే పదార్థం నీళ్ళు కలిపినప్పుడు ద్రవం పైభాగానికి చేరే ధోరణి చూపుతుందని స్వీడన్‌లోని లినేయస్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో కంప్యూటర్ సిమ్యులేషన్‌తో చూపించారు. 55 శాతం దాటిన కుర్ర షెర్రీ మాల్ట్‌కైతే చుక్కచుక్కగా నీళ్ళు పోయాల్సిందే. ఐసు మాత్రం వేయకండి. చల్లబడితే వాసనలు లేవవు, వగరు ఇంకా ఎక్కువ తెలుస్తుంది. రుచి చూడటం అయ్యాక మిగిలినదాన్ని సోడాలో పోసుకుంటారా, అది మీ ఇష్టం.