కంపెనీల సొమ్ముతో పైచదువులు: కోనసీమలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

అమలాపురం చుట్టుపక్కల ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులకు కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత కింద వెచ్చించే) నిధుల నుంచి ఉపకారవేతనాలు ఇప్పించే పనిలో ఉన్నాను. దరఖాస్తులతో వచ్చే తల్లిదండ్రులు తరచుగా అనే మాటలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అపోహ: ఇది యజమాని దయ, ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు.
వాస్తవం: 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నికర విలువ రూ.500 కోట్లు గానీ, టర్నోవర్ రూ.1,000 కోట్లు గానీ, నికర లాభం రూ.5 కోట్లు గానీ ఉన్న కంపెనీ తన గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. అయితే ఏ పనికి ఇవ్వాలో నిర్ణయించేది కంపెనీ బోర్డే. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వమని చట్టం చెబుతుంది కానీ, ఊరి పక్కన గ్యాస్ బావి ఉన్నంత మాత్రాన మన పిల్లవాడికి హక్కు పుట్టదు.

అపోహ: మంజూరైతే ఫీజు గండం గడిచినట్టే.
వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. కాలేజీ ఫీజు ఆగస్టులో అడుగుతుంది. కంపెనీ లెక్కల సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది కనుక సొమ్ము చాలాసార్లు ఆ ముందు వారాల్లోనే కదులుతుంది. ముమ్మిడివరం వైపు ఒక కొబ్బరి దింపు కార్మికుడు కూతురి ఫీజుకు నూటికి మూడు రూపాయల వడ్డీకి రూ.40,000 తెచ్చారు. మార్చిలో చెక్కు నేరుగా కాలేజీ ఖాతాకు వెళ్లింది, కాలేజీ దాన్ని వచ్చే ఏడాది ఫీజుకు జమ చేసుకుంది. ఏడు నెలల వడ్డీ రూ.8,400, దానితో పాటు అసలు కూడా ఆయన నెత్తినే మిగిలాయి. ఇది తప్పించలేనిదేమీ కాదు. మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్ల వరకు సాగే ‘కొనసాగే ప్రాజెక్టు’ను నిబంధనలు అనుమతిస్తాయి, బీటెక్ నాలుగు ఫీజులకూ అది సరిపోతుంది. ఏటా కొత్తగా మంజూరు చేసే అలవాటును మాత్రం కంపెనీలు వదలడం లేదు.

అపోహ: ఇదే నిధితో కొరియాలోనో జపాన్‌లోనో ఎమ్మెస్ చేయవచ్చు.
వాస్తవం: భారతదేశం వెలుపల చేపట్టే కార్యక్రమాలు సాధారణంగా సీఎస్‌ఆర్ కిందికి రావు. జపాన్‌లోని టొయోటా ఫౌండేషన్, ఎస్‌కే గ్రూపు అధిపతి కొరియాలో నెలకొల్పిన ఉన్నత విద్యా ఫౌండేషన్, రెండూ 1974లో పుట్టినవే, మన చట్టంతో సంబంధం లేనివి. ఇక్కడే 1892లో జంషెట్‌జీ టాటా స్థాపించిన నిధి విదేశీ చదువుకు సాయపడుతుంది గానీ, అది ఇచ్చేది తిరిగి కట్టవలసిన రుణం. ఆ మాట వినగానే మొన్న ఒక తండ్రి దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకున్నారు.