మడుగులో ఈత: ప్రతి ట్రెక్కులో వినే అపోహలు, అసలు సంగతులు

తడ దగ్గర ఉబ్బలమడుగు, నాగలాపురం కొండల్లో మడుగులు, వీటికి వీకెండ్లో గ్రూపుల్ని తీసుకెళ్తుంటా, కొన్నేళ్లుగా ఇదే పని. వచ్చేవాళ్లందరికీ కొండెక్కడమంటేనే భయం. నాకేమో పైకెక్కి బ్యాగులు దించి మడుగు చూసి కేకలేస్తారు చూడండి, అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

అపోహ: నాకు ఈతొచ్చు, నాకేం కాదు.

వ్యాన్‌లో ముందు చెయ్యెత్తేది వీళ్లే. స్విమ్మింగ్ పూల్లో అడుగు కనిపిస్తుంది, పట్టుకోడానికి అంచుంటుంది. ఇక్కడ రెండు గంటలు ఎండలో నడిచి ఒళ్లు కాలిపోతుంటే చల్లటి నీళ్లలోకి దబ్బున దూకుతారు, దూకగానే ఊపిరి గుప్పున లోపలికి పోతుంది, అది మన చేతిలో ఉండదు, ఆ క్షణంలో తల నీళ్లలో ఉందా, గాలికి బదులు నీళ్లే పోతాయి. ముందు కాళ్లు, తర్వాత మొహం, మెడ తడుపుకుని మెల్లగా దిగండి. ఇంకోటి, ధార పడేచోట తెల్లటి నురగ ఉంటుందే, అందులో సగం గాలే, మనిషిని తేల్చే బలం తక్కువ. అందుకే ధార కిందకి వెళ్తానంటే లైఫ్ జాకెట్ ఉన్నా వద్దంటా, ఎంత తిట్టుకున్నా సరే.

అపోహ: అడుగు కనిపిస్తోందిగా, లోతుండదు.

తేట నీళ్లే మోసం చేసేది. నిలువుగా పైనుంచి చూస్తే అసలు లోతులో ముప్పావు వంతే కనిపిస్తుంది, ఆరడుగులనుకున్నది ఎనిమిదడుగులు, పక్కనుంచి చూస్తే ఇంకా తక్కువనిపిస్తుంది.

అపోహ: నిరుడు ఇదే బండ మీంచి దూకా.

నా బ్యాగులో ఓ నైలాన్ తాడుంటుంది, అడుగుకో ముడి, చివర గుండ్రాయి. వెళ్లగానే మొదటి పని అది నీళ్లలో వదలడమే. ఓ బండ దగ్గర ఒక ఏడు తొమ్మిదో ముడి దాకా తడిసింది, మరుసటేడు ఐదో ముడికే రాయి టక్‌మని తగిలింది. వరదకి బండలు, ఇసుక కొట్టుకొచ్చి పేరుకున్నాయి, పైనుంచి చూస్తే మాత్రం అదే మడుగు, అదే ఆకుపచ్చ రంగు. తల కిందికి పెట్టి దూకడం నా గ్రూపులో అస్సలు లేదు.

అపోహ: వానలు కాబట్టి జూలైలో వెళ్లాలి.

మా వైపు గట్టి వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలకి. అవి తగ్గాక జనవరి, ఫిబ్రవరిలో రండి.

అపోహ: ఇక్కడ ఎండ కాస్తోంది, వరదెలా వస్తుంది?

వాన పడాల్సింది మన నెత్తిన కాదు, పైన కొండల్లో. తేట నీళ్లు మసకబారినా, ఎండుటాకులు పుల్లలు కొట్టుకొస్తున్నా, ధార చప్పుడు మారినా బట్టలూ బిర్యానీ ప్యాకెట్లూ వదిలేసి గట్టెక్కడమే. 2023 జూలైలో ములుగు జిల్లా ముత్యాలధారకెళ్లిన దాదాపు 80 మంది, తిరిగొచ్చే దారిలో వాగు పొంగి అడవిలోనే చిక్కుకుపోతే ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్లెళ్లి బయటికి తెచ్చారు. జలపాతం వాళ్లనేం చెయ్యలేదు, ఇంటికొచ్చే దారే మూసుకుపోయింది.

అపోహ: మునిగేవాళ్లు కేకలేస్తారు.

సినిమాల్లో. ఊపిరికే దిక్కులేనప్పుడు అరుపెక్కడిది? తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టానికి వచ్చి, చేతులు నీళ్లని కిందికి నొక్కుతుంటాయి, నిచ్చెనెక్కుతున్నట్టు. పక్కనోళ్లు ఆడుకుంటున్నాడనుకుంటారు, నిమిషంలోపే అయిపోతుంది. మీరు దూకొద్దు, పట్టుకుని మిమ్మల్నీ ముంచుతారు. తాడు, చున్నీ, మూత బిగించిన ఖాళీ క్యాన్, ఏది దొరికితే అది విసరండి.

అపోహ: బయటికి తీశాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించాలి.

దీనికి నాకు నిజంగా కోపమొస్తుంది. నొక్కితే కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, టైమూ పోతుంది. ఊపిరాడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి రెండుసార్లు గాలి ఊదండి, ఆ తర్వాత ఛాతీ మధ్యలో 30 నొక్కులు, మళ్లీ రెండు ఊదడం, ఆపకుండా. లేచి కూర్చుని బానే ఉన్నానన్నా ఆస్పత్రికే. 108కి చేద్దామంటే మడుగు దగ్గర సిగ్నల్ ఉండదు, అందుకే సిగ్నల్ దొరికే చోటికి ఎవరు పరిగెత్తాలో నడక మొదలవ్వకముందే చెప్పేస్తా, ఆ మనిషి ఫోన్ ఛార్జింగ్ కూడా నేనే చూస్తా.